ఎనిమిది కాళ్ల చిప్

హంసలదీవిలో కంప్యూటర్ మొరాయిస్తే తొలి అనుమానం గాలి మీదికే పోతుంది. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు. ఊళ్లో వేణుగోపాలస్వామి గుడి, కాస్త దూరంలో పాలకాయతిప్ప బీచ్, చుట్టుపక్కల రొయ్యల చెరువులు, ఆ పైన మడ అడవులు. ఏ నెలలో చూసినా గాలిలో ఉప్పు ఉంటుంది. ఉప్పు తేమను లాగుతుంది, తేమ లోహాన్ని తింటుంది. కిటికీ ఊచలూ గేటు బందులూ తుప్పు పట్టడం అందరికీ కనిపిస్తుంది. కేబినెట్ లోపల మదర్‌బోర్డుకు ఏం పట్టిందో మాత్రం విప్పి చూస్తే గానీ తెలియదు.

అందుకే కోడూరు, అవనిగడ్డ, నాగాయలంక వైపు రిపేరు కుర్రాళ్లు సిస్టమ్ చేతికి రాగానే ఇంకేమీ అడక్కుండా ర్యామ్ పీకి, దాని అంచును పెన్సిల్ రబ్బరుతో తుడిచి, మళ్లీ నొక్కుతారు. చాలా కేసులు అక్కడే తేలిపోతాయి. ర్యామ్ అంచున మెరిసే ఆ పళ్ల మీద ఉన్నది బంగారు పూతే, రాగి మీద వేసింది. బందరును ఆనుకునే ఉంది చిలకలపూడి, కవరింగ్ నగలకు పేరుపడ్డ చోటు. పూత ఎంత పల్చనైనా అది ఉన్నంతసేపే లోపలి రాగికి రక్ష అని, అరిగిన చోట చిలుము లేస్తుందని అక్కడి పనివాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. రబ్బరు పట్టుకున్న కుర్రాళ్లలో కొందరికి చెప్పాలి. బలంగా రుద్దితే ఆ పూటకి డిస్‌ప్లే వస్తుంది, వచ్చే వానాకాలానికి ర్యామ్ పోతుంది.

ఇక్కడ చెప్పబోయే సిస్టమ్ ఉప్పుగాలిని బాగానే తట్టుకుంది. దాని మీదికి ఆపద ఇంకో దారిన వచ్చింది. బాగుచేద్దామన్న ప్రేమతో.

అది ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారిది. 2011లో బెజవాడలో అసెంబుల్ చేయించినది. హెచ్61 బోర్డు, ఐ3-2100 ప్రాసెసర్. ఆ రోజుల్లో ఆంధ్రదేశంలో నెట్ సెంటర్లలో, డీటీపీ షాపుల్లో, స్కూళ్ల ల్యాబుల్లో ఎక్కడ చూసినా ఆ జంటే కనిపించేది. మాస్టారు దాని మీద పింఛను కాగితాలు చూసుకుంటారు, మాఘ పౌర్ణమి ఉత్సవాల కరపత్రాలు కంపోజ్ చేస్తారు, విదేశంలో ఉన్న కూతురితో మాట్లాడతారు. నెమ్మదిగా నడుస్తుందన్న ఫిర్యాదు ఆయనకు లేదు. మనవడికి ఉంది. సెలవులకు వస్తూ వస్తూ సెకండ్ హ్యాండ్‌లో ఐ5-3470 ఒకటి కొనుక్కొచ్చాడు. సాకెట్ ఒకటే, రెండింటికీ 1155 కాంటాక్టులు. రెండు కోర్ల చోట నాలుగు వస్తాయి. పాత ప్రాసెసర్ తీసి, కొత్తది కూర్చోబెట్టి, పేస్టు రాసి, ఫ్యాను బిగించి, స్విచ్ నొక్కాడు. ఫ్యాను తిరిగింది. తెర మీద ఏమీ లేదు.

"ప్రాసెసర్ డూప్లికేట్ ఇచ్చినట్టున్నాడు తాతయ్యా."

పాతది తిరిగి పెడితే మామూలుగానే వచ్చింది. అవనిగడ్డ షాపు కుర్రాడికి ఫోన్ చేస్తే అతను నవ్వి, "ప్రాసెసర్ బానే ఉంటుందండీ. బోర్డులో బయోస్ పాతదయ్యుంటది. అప్‌డేట్ కొడితే వస్తది" అన్నాడు.

అతను చెప్పింది నిజమే. ఐ3-2100 ఇంటెల్ రెండో తరం ప్రాసెసర్, 2011 నాటిది. ఐ5-3470 మూడో తరం, 2012 నాటిది. బోర్డు ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చేనాటికి మూడో తరం ఇంకా మార్కెట్లోకే రాలేదు. ప్రాసెసర్‌ను నిద్ర లేపి, దాని లోపలి మెమరీ కంట్రోలర్‌ను సిద్ధం చేసి, ర్యామ్‌తో మాట కలిపే పనంతా బయోస్‌ది. తెర మీద ఒక్క అక్షరం పడాలన్నా అంతకుముందే ఇదంతా జరిగిపోవాలి. తనకు తెలియని ప్రాసెసర్ వచ్చి కూర్చుంటే బయోస్ దాన్ని లేపలేదు. లేపలేకపోయానని చెప్పుకోవడానికి తెర కూడా ఉండదు. 2018లో ఏఎండీకి ఇదే చిక్కు వచ్చింది. కొత్త రైజెన్ ప్రాసెసర్లు పాత బయోస్ ఉన్న ఏఎం4 బోర్డుల్లో లేవలేదు. అప్‌డేట్ చేద్దామంటే బోర్డు లేవాలి, బోర్డు లేవాలంటే అప్‌డేట్ అయి ఉండాలి. చివరికి ఆ కంపెనీ కొనుగోలుదారులకు ఒక పాత రకం ప్రాసెసర్‌ను అరువు పంపింది. అప్‌డేట్ చేసుకుని తిరిగి పంపించేయమంది. మన మాస్టారి ఇంట్లో ఆ బాధ లేదు, పాత ప్రాసెసర్ బల్ల మీదే ఉంది.

బయోస్ అన్న పేరు 1975 ప్రాంతంలో గారీ కిల్డాల్ రాసిన సీపీ/ఎం ఆపరేటింగ్ సిస్టమ్‌తో వచ్చింది. 1981 ఆగస్టులో ఐబీఎం పీసీ బయటికి వచ్చినప్పుడు దాని బయోస్ మొత్తం 8 కిలోబైట్లు. ఐబీఎం ఆ కోడ్‌ను తన టెక్నికల్ మాన్యువల్‌లో అచ్చు వేసి మరీ ఇచ్చింది. ఎవరైనా చదువుకోవచ్చు, కాపీ కొడితే కోర్టుకు ఈడుస్తారు. కాంపాక్ కంపెనీ దీనికి ఒక ఉపాయం పన్నింది. ఒక జట్టు ఆ కోడ్ చదివి అది ఏమేం చేస్తుందో మాత్రం కాగితం మీద పెట్టింది. ఆ కోడ్ కంట చూడని ఇంకో జట్టు కాగితాన్ని బట్టి కొత్తగా రాసింది. 1984లో ఫీనిక్స్ కంపెనీ అదే పద్ధతిలో బయోస్ తయారుచేసి అడిగినవాళ్లకల్లా అమ్మడం మొదలెట్టింది. పీసీ అనేది ఒక్క కంపెనీ సొత్తు కాకుండా పోయింది అప్పుడే. బెజవాడ షాపులో విడిభాగాలు ఏరుకుని సిస్టమ్ కట్టించుకోవడం ఆ రెండో జట్టు పుణ్యమే. 1985లో జార్జియా రాష్ట్రంలో పుట్టిన అమెరికన్ మెగాట్రెండ్స్ ఇంకో పెద్ద బయోస్ కంపెనీ. స్విచ్ వేయగానే తెర మీద ఆ పేరు చదివినవాళ్లు కోట్లలో ఉంటారు. దాన్ని స్థాపించినవారిలో సుబ్రమణియన్ శంకర్ అనే భారతీయుడు ఉన్నాడని ఎరిగినవాళ్లు బహుశా వేలల్లో కూడా ఉండరు.

ఆ తొలినాళ్లలో అప్‌డేట్ అన్న గొడవే లేదు. బయోస్ ఉన్న చిప్‌ను మార్చాలంటే ఊడబీకి ఇంకోటి పెట్టడమే. కొన్ని చిప్‌ల నెత్తిన చిన్న గాజు కిటికీ ఉండేది. దాని మీద స్టిక్కర్ తీసి అతినీలలోహిత కాంతి కింద పెడితే లోపలి రాత చెరిగిపోయేది. 1984లో తోషిబాలో పనిచేస్తున్న ఫుజియో మసువొకా ఫ్లాష్ మెమరీని లోకానికి చూపించాక కథ మారింది. 1990ల్లో బయోస్ ఫ్లాష్ చిప్‌లలోకి వచ్చేసింది. ఇక కిటికీ అక్కర్లేదు, దీపం అక్కర్లేదు. కంప్యూటర్ తన బయోస్‌ను తానే చెరిపి తిరిగి రాసుకోగలదు.

సౌకర్యం వచ్చిన చోటికే ఆపదా వచ్చింది. తైవాన్ విద్యార్థి చెన్ ఇంగ్ హావ్ 1998లో రాసిన సీఐహెచ్ వైరస్ 1999 ఏప్రిల్ 26న ఒక్కసారిగా ఒళ్లు విరుచుకుంది. హార్డ్ డిస్క్ మొదట్లోని సమాచారాన్ని సున్నాలతో నింపేసి, అక్కడితో ఆగక ఫ్లాష్ బయోస్ మీద కూడా చెత్త రాసింది. దక్షిణ కొరియా బాగా దెబ్బతింది, మన దేశంలోనూ బాధితులున్నారు. వైరస్ డిస్క్‌ను పాడుచేస్తుందని అప్పటికి అందరికీ తెలుసు. బోర్డునే లేవకుండా చేయగలదని ఆ రోజు తెలిసింది. అప్పటి నుంచీ రిపేరు షాపుల్లో ఒక మాట స్థిరపడిపోయింది: నడుస్తున్నదాన్ని కెలక్కు.

ఆ మాటను తేలిగ్గా తీసిపారేయలేం. 2018 జనవరి మొదట్లో ప్రాసెసర్లలో స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అనే లోపాలు బయటపడినప్పుడు ప్రపంచమంతా బయోస్ అప్‌డేట్ల కోసం పరుగెత్తింది. అదే నెల 22న ఇంటెలే ముందుకొచ్చి, కొన్ని ప్రాసెసర్ల మీద ఆ అప్‌డేట్ వేయడం ఆపండి, సిస్టమ్‌లు వాటంతటవే రీస్టార్ట్ అయిపోతున్నాయి అని చెప్పాల్సి వచ్చింది. అంత పెద్ద కంపెనీకే నెల తిరక్కుండా నాలుక కరుచుకోవాల్సి వస్తే, రిపేరు షాపుల జాగ్రత్తను చాదస్తం అనడం అన్యాయం.

మనవడు జాగ్రత్త లేనివాడేం కాదు. ఫోన్ లైట్ వేసి బోర్డు మూల అచ్చయి ఉన్న రివిజన్ నంబరు చదివాడు. ఒకే మోడల్ పేరుతో కంపెనీలు రెండు మూడు రివిజన్లు అమ్ముతాయి, ఒకదాని ఫైలు ఇంకోదానికి పనికిరాదు. ఎక్కువమంది బోర్లా పడేది అక్కడే. సరైన ఫైలు దింపాడు, పెన్‌డ్రైవ్‌లో వేశాడు, సెటప్‌లోకి వెళ్లి మొదలెట్టాడు. మధ్యాహ్నం వేళ, ఎండ మండుతోంది, గాలి లేదు. తెర మీద పట్టీ సగం దాటాక కరెంటు పోయింది.

యూపీఎస్ ఉంది. దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. కొన్నాళ్లుగా అది నాలుగు ప్లగ్గులున్న ఎక్స్‌టెన్షన్ బాక్స్‌గా కాలం గడుపుతోంది. తీరంలో ఇలాంటి యూపీఎస్‌లు ఇంటికొకటి ఉంటాయి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన పదివేలకు పైగా ప్రాణాలు తీసుకుపోయిన సీమ ఇది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడూ ఇక్కడివాళ్లు గాలి చప్పుడు వింటూనే గడిపారు. ముసురు పట్టిందంటే ముందే టార్చీలు, కొవ్వొత్తులు సర్దుకునే జనం. అంత తెలిసినవాళ్లు కూడా ఎండగా ఉన్న మధ్యాహ్నం కరెంటు పోతుందని అనుకోరు.

కరెంటు వచ్చాక ఫ్యాను తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. ఈసారి పాత ప్రాసెసర్ ఉన్నా డిస్‌ప్లే లేదు.

మాస్టారు కోప్పడలేదు. ఆ ఊరి స్థలపురాణం తెలియనివాళ్లుండరు. జనం కడుక్కున్న పాపాలతో నల్లబడిన గంగ కాకి రూపంలో తీర్థాలన్నీ తిరిగి, చివరికి ఈ సాగరసంగమంలో మునిగి తెల్లని హంసై లేచిందట. ఆయన వాలుకుర్చీలో నుంచి లేవకుండానే అన్నారు: "ఇక్కడ మునిగితే కాకి హంస అవుతుందిరా అబ్బాయ్. నీ అప్‌డేట్‌లో మునిగి మా హంస కాకయింది."

ఆ సగం దాటిన పట్టీ వెనకాల ఏం జరిగిందో చూస్తే గానీ రిపేరు అర్థం కాదు. బయోస్ ఉండే ఫ్లాష్ చిప్ వేలి గోరు కన్నా చిన్నది. ఎనిమిది కాళ్లుంటాయి, ఆ పక్క నాలుగు, ఈ పక్క నాలుగు. ఈ బోర్డులో ఉన్నది 4 మెగాబైట్లది. ఫ్లాష్‌లో ఒక నియమం ఉంది: ఒకటిని సున్నాగా మార్చొచ్చు, సున్నాను నేరుగా ఒకటిగా మార్చలేం. అందుకని కొత్త రాత రాయాలంటే ముందు ఒక ముక్కకు ముక్కంతా చెరిపి ఒకట్లతో నింపాలి, తర్వాత కావలసిన చోట సున్నాలు దించాలి. చెరపడం 4 కిలోబైట్ల ముక్కల్లోనో 64 కిలోబైట్ల ముక్కల్లోనో జరుగుతుంది, రాయడం 256 బైట్ల చొప్పున. చెరిపాక, రాయకముందు ఒక సందు ఉంటుంది. కరెంటు పోవలసింది ఆ సందులో కాదు. అప్‌డేట్ మొత్తం అలాంటి సందుల వరుసే కాబట్టి ఎప్పుడు పోయినా ఏదో ఒక సందులోనే పోతుంది.

బయోస్ రాసేవాళ్లకు ఈ సంగతి మొదటి నుంచీ తెలుసు. అందుకే చిప్‌లో ఒక మూల బూట్ బ్లాక్ అని ఒకటి పెట్టి, మామూలు అప్‌డేట్‌లో వీలైనంతవరకు దాన్ని ముట్టుకోరు. ఎంత కరువొచ్చినా విత్తనపు వడ్ల బస్తా విప్పని రైతు పద్ధతి అది. ప్రాసెసర్‌కు స్విచ్ పడగానే చూసే చిరునామా నాలుగు గిగాబైట్ల సరిహద్దుకు సరిగ్గా 16 బైట్ల ముందు ఉంటుంది, అంటే బయోస్ చిప్ చివరి అంచు. బూట్ బ్లాక్ కూడా ఆ చివర్నే కాపురం. మిగతా బయోస్ పోయినా అది లేచి, లెక్క సరిచూసి, తేడా కనబడితే బయటి నుంచి కొత్త ఫైలు వెతుక్కుంటుంది. అవార్డ్ అనే కంపెనీ పాత బయోస్‌లో ఫ్లాపీ కోసం చూసేది. అమెరికన్ మెగాట్రెండ్స్ వాటిలో కంట్రోల్, హోమ్ మీటలు పట్టుకుని ఆన్ చేస్తే నిర్ణీతమైన పేరున్న ఫైలు కోసం వెతికేది. కొన్ని కంపెనీలు ఇంకో అడుగు ముందుకేసి బోర్డు మీద రెండు బయోస్ చిప్‌లు పెట్టాయి. ఒకటి చెడితే రెండోది లేపుతుంది.

మాస్టారి బోర్డులో రెండో చిప్ లేదు. మనవడు ఫోన్‌లో చదివి బూట్ బ్లాక్ పద్ధతి మొదలెట్టాడు. తెర నల్లగా ఉన్నప్పుడు బోర్డు బతికుందా లేదా చెప్పేది పెన్‌డ్రైవ్ మీది చిన్న దీపమే. అది మిణుకుమంటే లోపల ఎవరో చదువుతున్నట్టు. మొదట మిణుకు కూడా సరిగ్గా లేదు, ఎందుకంటే పెన్‌డ్రైవ్ 64 జీబీది, ఎక్స్‌ఫ్యాట్‌లో ఉంది. బూట్ బ్లాక్ పాతకాలపు జీవి, దానికి ఫ్యాట్ తప్ప ఇంకో లిపి రాదు. ఇంట్లో ఎక్కడో మూలపడ్డ చిన్న పెన్‌డ్రైవ్ వెతికి ఫ్యాట్32లో ఫార్మాట్ చేశాడు. ఈసారి దీపం గబగబా మిణుకుమంది. ఆగింది. ఇంకేమీ జరగలేదు. బూట్ బ్లాక్ లేస్తోంది, ఫైళ్ల పేర్లు చూస్తోంది, తనకు కావలసిన పేరు కనబడక ఊరుకుంటోంది. ఆ పేరేమిటో బోర్డుతో వచ్చిన మాన్యువల్‌లో లేదు. ఇంత జాగ్రత్తగా విత్తనాన్ని దాచినవాళ్లు గాదె తాళం ఎక్కడుందో ఒక వాక్యం అచ్చు వేయించలేకపోవడం ఈ వ్యాపారంలో చిత్రం.

మర్నాడు తాతా మనవడూ బోర్డును తువ్వాల్లో చుట్టుకుని కోడూరు మీదుగా ఆటోలో అవనిగడ్డ. షాపు బోర్డు మీద ఇంగ్లీషులో చిప్ లెవెల్ సర్వీసింగ్ అని రాసి ఉంది. ఇలాంటి సూక్ష్మమైన పనులు ఈ జిల్లాకు కొత్తేం కాదు. బందరులో 1926లో మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ దశాబ్దాల పాటు శాస్త్ర పరికరాలు చేసింది. 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ దాన్ని తీసుకుంది. ఆ సంస్థకు ఇప్పటికీ బందరులో యూనిట్ ఉంది, చీకట్లో చూడగల పరికరాలు చేస్తుంది. అవనిగడ్డ షాపులో అంత సరంజామా లేదు. ఒక వేడిగాలి గన్, ఒక భూతద్దం, సీహెచ్341ఏ అనే నల్లటి చిన్న ప్రోగ్రామర్, దాని తీగ చివర ఒక క్లిప్. ఆ క్లిప్‌తో చిప్‌ను ఊడదీయకుండా బోర్డు మీదే ఎనిమిది కాళ్లూ పట్టుకోవచ్చు.

"దీంతో జాగ్రత్తండీ మాస్టారూ" అన్నాడు కుర్రాడు నల్లటి ముక్క చూపించి. "చిప్‌ది 3.3 వోల్టులు. ఇది డేటా కాళ్ల మీద 5 వదుల్తది. నేను తీగ మార్చి సరిచేసుకున్నా. కొత్తగా కొన్నోళ్లు అట్టాగే పెట్టేసి చిప్ మాడ్చుకుంటారు."

క్లిప్ పెట్టాడు. ప్రోగ్రామర్ చిప్‌ను గుర్తుపట్టలేదు. భూతద్దం కిందికి తెచ్చాడు. హంసలదీవి గాలి పూర్తిగా నిర్దోషి కాదని అప్పుడు తేలింది. ఎనిమిది కాళ్లలో మూడింటి మడమల దగ్గర పచ్చటి చిలుము సన్నగా పేరుకుని ఉంది. టంకం మీద తెల్లటి పొడి. పాత టూత్‌బ్రష్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, ముగ్గు పిండి దులిపినంత తేలిగ్గా రుద్దాడు. బ్రష్ కుచ్చు పచ్చబడింది. ఆరబెట్టి మళ్లీ క్లిప్ పెడితే ఈసారి పేరు పలికింది.

వెంటనే కొత్త ఫైలు రాసేయడం అతని అలవాటు కాదు. ముందు చిప్‌లో ఉన్నదంతా చదివి దాచాడు. మళ్లీ చదివాడు. రెండు కాపీలూ ఒకదాని మీద ఒకటి పెట్టి సరిపోల్చాడు. తేడా వస్తే క్లిప్ సరిగ్గా పట్టలేదని అర్థం, అలాంటి కాపీని నమ్మకూడదు. కొన్ని బోర్డుల్లో ల్యాన్ చిరునామా, సీరియల్ నంబరు, ఇంటెల్ వాళ్ల సొంత ఫర్మ్‌వేర్ భాగం కూడా ఈ చిప్‌లోనే ఉంటాయి. కంపెనీ సైట్ నుంచి దింపిన ఫైలులో ఆ బోర్డు సొంత వివరాలు ఉండవు. కొన్ని ఫైళ్లకైతే ముందర 2048 బైట్ల తలకట్టు అదనంగా ఉంటుంది. దాన్ని కోయకుండా నేరుగా చిప్‌లోకి దించితే అంతా పక్కకు జరిగిపోయి బోర్డు జన్మలో లేవదు. ఇవన్నీ ఎవరూ ఒక చోట కూర్చోబెట్టి అతనికి నేర్పలేదు. పోయిన బోర్డులే నేర్పాయి.

చదివిన కాపీని కొత్త ఫైలు పక్కన పెట్టి తెర మీద తెరిచాడు. వరుసకు 16 బైట్లు, జంట అక్షరాల బారులు. మొదట్లో రెండూ అచ్చంగా ఒకటే. కిందికి జరుపుతూ పోతుంటే ఒక చోట ఎడమ పక్క కాపీలో అక్షరాలు ఆగిపోయి ఎఫ్ఎఫ్, ఎఫ్ఎఫ్, ఎఫ్ఎఫ్ అని మొదలైంది. 64 కిలోబైట్ల ముక్క ఒకటి మొత్తం అదే, అంటే అన్నీ ఒకట్లే, 4096 వరుసలు. మీట నొక్కి పట్టుకుంటే తెర కదులుతోందో ఆగిందో తెలియనంత ఏకరీతి. ఆ తర్వాత మళ్లీ అక్షరాలు వచ్చాయి గానీ అవి కొత్త ఫైలుతో కలవడం లేదు, 2011 నాటి పాత బయోస్‌వి. పైన కొత్తది, కింద పాతది, నడుమ చెరిపి రాయడం కుదరని పట్టీ. మాస్టారు కళ్లజోడు సవరించుకుని, "ఇదేనా కరెంటు పోయింది?" అని వేలు పెట్టి చూపించారు. "ఆఁ, సరిగ్గా ఇక్కడేనండి."

మిగతాది గబగబా అయిపోయింది. బయోస్ భాగం కొత్త ఫైలు నుంచి తీసుకుని, ఆ బోర్డు సొంత భాగాలు దాని పాత కాపీ నుంచే తీసుకుని అతికించాడు. చెరిపి, రాసి, తిరిగి చదివి సరిచూశాడు. ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ తగిలించి, రెండు పిన్నులకు స్క్రూడ్రైవర్ మొన ఆనించి ఆన్ చేశాడు. తెర వెలిగింది. అదే ఊపులో ఐ5 పెట్టాడు. దాని పేరు కూడా తెర మీద పడింది.

ఇంటికి తెచ్చి బిగించాక ఇంకో గండం. విండోస్ లోడవుతూ నీలి తెర చూపించి రీస్టార్ట్ అవుతోంది. మనవడు ఫార్మాట్ కొట్టేద్దామన్నాడు. ఆ మాటకు మాస్టారు తొలిసారి నిజంగా కంగారుపడ్డారు. కరపత్రాలు, పద్యాల ఫైళ్లు అన్నీ అందులోనే ఉన్నాయి మరి. ఫోన్‌లో షాపు కుర్రాడు, "ఫార్మాట్ వద్దండీ బాబూ, సాటా మోడ్ చూడండి" అన్నాడు. బయోస్ కొత్తగా రాసినప్పుడు సెట్టింగులన్నీ ఫ్యాక్టరీ నాటివి అవుతాయి. ఆ నాటి బోర్డుల్లో డిస్క్ మోడ్ చాలాసార్లు ఐడీఈలో ఉంటుంది. విండోస్ ఏహెచ్‌సీఐలో వేసి ఉంటే అది తన డిస్క్‌నే పోల్చుకోలేదు. మోడ్ మార్చగానే డెస్క్‌టాప్ వచ్చింది. తేదీ తప్పుండటంతో బ్రౌజర్ ప్రతి సైటునూ అనుమానించింది, బ్యాంకు సైటును కూడా. సీఆర్2032 సెల్ మార్చి తేదీ సరిచేస్తే ఆ గోలా తగ్గింది. చిన్న చిన్న పాత సెట్టింగుల కోసం ఎన్ని మంచి సిస్టమ్‌లు ఫార్మాట్ పాలయ్యాయో, ఎన్ని పెళ్లి ఫోటోలు అలా పోయాయో, లెక్క తీసేవాళ్లు లేరు.

ఇంతా చేస్తే ఆ బోర్డుకు విండోస్ 11 రాదు. మైక్రోసాఫ్ట్ జాబితాలో ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే చోటు, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా కావాలి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. మనవడు లినక్స్ వేస్తానంటున్నాడు. తెలుగు టైపింగ్ కీబోర్డు ఇప్పుడున్నట్టే ఉండాలన్నది మాస్టారి షరతు.

షాపు కుర్రాడి దగ్గర ఒక హార్డ్ డిస్క్ ఉంది. అందులో అతను ఇన్నేళ్లుగా తన బల్ల మీదికి వచ్చిన బోర్డుల నుంచి చదివి దాచిన బయోస్ కాపీలు, మోడల్ పేరు, రివిజన్, చిప్ నంబరుతో వరుసగా. ఇది పిచ్చి సేకరణ కాదు. కంపెనీలు పాత ఫైళ్లను ఎల్లకాలం ఉంచవు. 2019 నవంబరులో ఇంటెల్ తన పాత డెస్క్‌టాప్ బోర్డుల బయోస్ ఫైళ్లను, డ్రైవర్లను సొంత సైట్ నుంచే తీసేసింది. ఆ బోర్డులు మాత్రం ఎక్కడెక్కడో నడుస్తూనే ఉన్నాయి. వాటికి రోగం వస్తే మందు దొరికేది ఇక ఇలాంటి హార్డ్ డిస్క్‌లలోనే. హైదరాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ నుంచి బెజవాడ గవర్నర్‌పేట దాకా చిప్ లెవెల్ వాళ్లు ఈ ఫైళ్లు ఒకరికొకరు వాట్సాప్‌లో పంపుకుంటారు. దానికి ఏ లైబ్రరీ పేరూ లేదు, కేటలాగూ లేదు.

మాస్టారి బోర్డు ఫైలును కూడా అతను అందులో వేసుకున్నాడు. ఆ రోజు షాపులో డబ్బులు తీసుకుంటూ, "మీ ఊళ్లో ఇదే బోర్డు ఇంకెవరి దగ్గరన్నా ఉంటే చెప్పండి మాస్టారూ, ఫైలు రెడీగా ఉంది" అంటుండగా నాగాయలంక నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ ఒక ఫోటో స్టూడియోలో సిస్టమ్ ఆన్ అవుతోందట, డిస్‌ప్లే రావట్లేదట. అతను మాస్టారికి మిగతా చిల్లర ఇస్తూనే ఫోన్‌లో అడిగాడు: "బోర్డు మూల రివిజన్ నంబరు ఏముందో చూసి చెప్పన్నా. ఈలోపు ర్యామ్ జోలికి పోవాకు."